ఫిల్టర్‌లో దొరికిన 11 చేపపిల్లలు: ఎవరి పిల్లలో తేలడానికి ఐదు వారాలు పట్టింది

ఫిబ్రవరి 2, ఆదివారం. నెలకోసారి చేసే పనే. అక్వేరియం వెనక అంచుకు తగిలించి ఉండే ఫిల్టర్ డబ్బా విప్పి, అందులోని నీళ్లు ఒక మగ్గుడు తోడి పూలకుండీలో పోశాను. మిగతావి బకెట్‌లోకి వంచి స్పాంజ్ పిండబోతుంటే మా తొమ్మిదేళ్ల అబ్బాయి బకెట్ మీదకు వంగి, "అమ్మా, ఆగు. ఇందులో ఏవో కదులుతున్నాయి" అన్నాడు.

పురుగులేమో అనుకున్నాను. టార్చ్ వేసి చూస్తే జంటలు జంటలుగా నల్లటి చుక్కలు కనిపించాయి. ఒక్కో జంట వెనక గాజుపోగులాంటి సన్నటి ఒళ్లు. ఆ చుక్కలు కళ్లని అర్థమయ్యేసరికి నా చేతిలో స్పాంజ్ అలాగే ఉండిపోయింది. వాడు మూడుసార్లు లెక్కపెట్టాడు. ఒకసారి పది, ఒకసారి పన్నెండు, చివరికి పదకొండు.

అప్పుడు గుర్తొచ్చింది పూలకుండీలో పోసిన మగ్గుడు నీళ్ల సంగతి. టార్చ్ పట్టుకుని పరుగెత్తాను. తడిమట్టి మీద అరగంట వెతికాను. ఏమీ కనిపించలేదు. అందులో ఒక్కటి కూడా లేదేమో, ఉన్నాయేమో, ఆ విషయం ఇక ఎప్పటికీ తేలదు. ఇప్పటికీ ఆ కుండీ చూస్తే మనసు చివుక్కుమంటుంది.

ఇదంతా రాయడానికి కారణం ఆ తర్వాతి నాలుగు రోజులు. అవి ఎవరి పిల్లలో తెలుసుకోకుండా, తెలిసిందనుకుని నేను చేసిన పనుల వల్ల సగానికి పైగా పోయాయి. మీ తొట్టిలోనూ ఎప్పుడైనా ఇలా అనుకోకుండా పిల్లలు కనిపిస్తే ఆ నాలుగు రోజులు మీకు వేరేలా గడవాలని ఉంది.

మా తొట్టి 90 లీటర్లది. అప్పటికి అందులో ఏడు జీబ్రా డానియోలు, ఐదు చెర్రీ బార్బ్‌లు, అడుగున తిరిగే కోరీలు నాలుగు, ఒక ఆడ బ్లాక్ మాలీ ఉన్నాయి. మగ మాలీ డిసెంబర్ మొదట్లోనే చనిపోయింది. నీళ్లు 25 డిగ్రీలు. గుడ్లు పెట్టించాలని గానీ, పిల్లల్ని పెంచాలని గానీ మేం ఎప్పుడూ అనుకోలేదు.

ఆ సాయంత్రం మా వారి స్నేహితుడికి ఫోటో పంపాను. ఆయన ఏళ్ల తరబడి చేపలు పెంచుతున్నారు. నా ఫోన్‌లో పడింది మసక మసకగా రెండు గీతలు మాత్రమే. ఆయన వెంటనే ఫోన్ చేసి, "మీ దగ్గర మాలీ ఉంది కదా వదినా, మాలీ పిల్లలే అయ్యుంటాయి. చేపల మేత ఫ్లేక్స్ మెత్తగా నలిపి వేయండి, ఇట్టే పెరుగుతాయి" అన్నారు. "మగది లేదు కదా అన్నయ్యా" అంటే, ఆడ మాలీ ఒకసారి మగదానితో కలిస్తే ఆ బీజాన్ని నెలల తరబడి లోపల దాచుకుని మళ్లీ మళ్లీ పిల్లల్ని పెట్టగలదని చెప్పారు. ఆ మాట నిజమే. మా మాలీ పొట్ట కూడా పది రోజులుగా ఉబ్బి, కిందివైపు పెట్టెలా నలుచదరంగా కనిపిస్తోంది. ఇంకేం, నాకు అనుమానమే రాలేదు. ఆయన తప్పేమీ లేదు. నేను పంపిన ఫోటోలో ఏ నిపుణుడికైనా కనిపించేది అంతే. పిల్లలు ఎంత పొడవున్నాయో, ఎక్కడ ఉంటున్నాయో, ఎలా ఈదుతున్నాయో ఆయన అడగలేదు, నాకూ చెప్పాలని తోచలేదు.

పిల్లల కోసం అమ్మే వల పెట్టె ఒకటి తెచ్చి తొట్టి లోపలే వేలాడదీశాం. పదకొండింటినీ చెంచాతో ఒక్కొక్కటిగా అందులోకి వదిలాను. వలతో పట్టకూడదని మాత్రం ఎవరూ చెప్పకుండానే తెలిసింది, అంత సున్నితంగా ఉన్నాయి.

3వ తేదీ ఉదయం ఎనిమిదే ఉన్నాయి. ఎక్కడా శవాలు లేవు. పెట్టె మూలమూలా వెతికాక వల కన్నాల వైపు చూశాను. కళ్లకు చిన్నగానే కనిపించే ఆ కన్నాల్లోంచి మూడు పిల్లలు జారిపోయాయి. బయట ఏడు డానియోలు. అవి ఏదీ వదలవు. మాలీ పిల్ల అయితే ఆ కన్నంలో పట్టదు, ఆ పెట్టెలు తయారుచేసేదే అలాంటి పిల్లల కోసం. ఆ ఉదయమే ఈ ఒక్క విషయం నాకు తట్టాల్సింది. తట్టలేదు. పెట్టె లోపల పలచటి గుడ్డ చుట్టి, సమస్య తీరిందనుకున్నాను.

ఫ్లేక్స్ వేళ్ల మధ్య పొడిగా నలిపి రోజుకు మూడుసార్లు వేశాను. పొడి నీటి మీద తేలేది, కాసేపటికి అడుగుకు దిగేది. పిల్లలు దాని పక్కనుంచి వెళ్లిపోయేవి. కొత్త కదా, అలవాటవుతుందిలే అనుకున్నాను. 4వ తేదీ సాయంత్రం ఒకటి చనిపోయింది. 5వ తేదీ పొద్దున్న మరో రెండు. తెల్లగా మారి గుడ్డకు అతుక్కుని ఉన్నాయి. అబ్బాయి స్కూల్‌కి వెళ్లేలోపు వాటిని తీసేశాను గానీ, సాయంత్రం రాగానే వాడు మళ్లీ లెక్కపెట్టాడు. "అయిదే ఉన్నాయేంటమ్మా" అని అడిగితే ఏం చెప్పాలో తోచలేదు.

ఆ రాత్రి భూతద్దం పెట్టి మొదటిసారి వాటిని నిజంగా చూశాను. అంతకుముందు చూసిందంతా 'మాలీ పిల్లలు' అన్న మాటనే. పొట్టలు ఖాళీ. ఒళ్లంతా పారదర్శకం కాబట్టి లోపల ఏమీ లేదని స్పష్టంగా కనిపిస్తోంది. నోరు చుక్క కన్నా చిన్నది. నేను మెత్తని పొడి అనుకున్న ఫ్లేక్ ముక్క ఒక్కోటి వాటి తలంత ఉంది. అన్నం ముందు పెట్టుకుని మూడు రోజులు పస్తున్నాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పడుకోకుండా ఒక నోట్‌బుక్ తీసి, అవి ఏమిటో కాకుండా అవి ఏం చేస్తున్నాయో రాయడం మొదలుపెట్టాను. గాజు బయటినుంచి స్కేల్ పెట్టి కొలిస్తే నాలుగున్నర, ఐదు మిల్లీమీటర్లు. మాలీ పిల్ల పుట్టేటప్పుడే దాదాపు సెంటీమీటర్ ఉంటుంది, రంగుతో, రెక్కలతో, పెద్ద చేపకు అచ్చు చిన్న నకలులా పుట్టి ఆ నిమిషంలోనే ఈదుతుంది. ఇవి అందులో సగమే. రంగు లేదు. తోక చుట్టూ రెక్కలు విడివిడిగా ఏర్పడలేదు, ఒకటే సన్నటి పొర. ఇవి ఈదడం కూడా సాఫీగా ఈదడం కాదు, ఒక్క కుదుపుతో ముందుకు జరిగి ఆగిపోతాయి. అప్పుడప్పుడు గోడకు దగ్గరగా నిలువుగా వేలాడినట్టు ఉంటాయి. ఇవన్నీ గుడ్డులోంచి వచ్చిన పిల్లల లక్షణాలు. మాలీ కాదు. అది రాసుకున్నప్పుడు రాత్రి ఒంటిగంటన్నర.

మరి ఎవరివి? ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ పోయాను. మొదట, ఇవి అసలు చేపలేనా? మొక్కలతో పాటు తొట్టిలోకి సూది తూనీగ పిల్లలు వస్తాయని, అవి చేపపిల్లల్ని తింటాయని చదివి టెన్షన్ పడ్డాను. కానీ వాటికి ఆరు కాళ్లు, తోక చివర ఆకుల్లాంటి మూడు రేకులు ఉంటాయి. గాజు మీద పాకే తెల్లటి ప్లనేరియా పురుగులకు ఇలాంటి పెద్ద కళ్లు, వెన్నెముక గీత ఉండవు. ఇవి చేపలే. కోరీ పిల్లలా? కోరీలు జిగురుండే గుడ్లను గాజుకో ఆకుకో అతికిస్తాయి. వాటి పిల్లలు అడుగునే పడుకుంటాయి, పెద్ద తల, పక్కలకు విప్పుకున్న రెక్కలతో చిన్న తోకకప్పల్లా ఉంటాయి. ఇవి అడుగున పడుకోవడం లేదు. అదీ కొట్టేశాను. మిగిలినవి డానియో, చెర్రీ బార్బ్. రెండూ గుడ్లు ఎక్కడపడితే అక్కడ వదిలేసి మర్చిపోయే జాతులే. ఐదు మిల్లీమీటర్ల వయసులో ఈ రెండింటి పిల్లల్ని విడదీసి చెప్పడం నావల్ల కాలేదు. అలాగే రాసుకున్నాను: 'డానియో లేదా బార్బ్. ఆగి చూడాలి.'

జాతి పేరు అప్పటికి తేలకపోయినా ఏం తినిపించాలో తేలిపోయింది. గుడ్డులోంచి వచ్చిన ఇంత చిన్న పిల్లలకు కంటికి కనిపించనంత చిన్న జీవులు కావాలి, ఇన్ఫ్యూసోరియా అంటారు. దాన్ని గడ్డి, ఆకులు నానబెట్టి తయారుచేయడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. నా పిల్లలకు అంత వ్యవధి లేదు. అప్పుడే ఒక ఆలోచన వచ్చింది. నేను బయటికి తీసేదాకా ఇవి ఎక్కడ బతికాయి? ఫిల్టర్‌లో. కనీసం కొన్ని రోజులు ఎవరూ ఏమీ పెట్టకుండానే. గుడ్లు నీటి లాగుడుకు ఫిల్టర్‌లోకి వెళ్లాయి, తిరిగే చక్రాన్ని ఎలాగో తప్పించుకున్నాయి, తినేసే పెద్ద చేపలు లేని ఆ డబ్బాలో పొదిగాయి. స్పాంజ్‌కు పట్టిన ఆ గోధుమరంగు మడ్డి నిండా వాటి తిండే. నేను వాటిని కాపాడుతున్నాననుకుని, నిండు వంటింట్లోంచి తీసి శుభ్రమైన ఖాళీ గదిలో పెట్టాను.

6వ తేదీ తెల్లవారగానే నాలుగు లీటర్లు పట్టే ప్లాస్టిక్ డబ్బాలో తొట్టి నీళ్లే నింపి, అది తొట్టిలోనే తేలేలా క్లిప్పులతో అంచుకు బిగించాను. అలా చేస్తే వేరే హీటర్ అక్కర్లేదు, లోపల వేడి బయటి నీటితో సమానంగా ఉంటుంది. జావా నాచు ఒక గుప్పెడు వేసి, ఫిల్టర్ స్పాంజ్‌ను కొంచెం అందులోకి పిండాను. నీళ్లు టీ రంగుకు మారాయి. ఇంత మురికిలోనా అని మా వారు భయపడ్డారు. నాలుగు గంటల తర్వాత భూతద్దంతో చూస్తే ఐదింటిలో మూడింటికి పొట్ట దగ్గర బూడిద రంగు చుక్క. సాయంత్రానికి ఐదింటికీ! నేను గట్టిగా అరిచిన అరుపుకు మా అబ్బాయి పరుగెత్తుకొచ్చాడు. 'అన్నం తిన్నాయి' అని వాడే నోట్‌బుక్‌లో రాశాడు.

అక్కడితో కుదురుగా ఉండాల్సింది. 8వ తేదీన ఇంకా బలం రావాలని ఉడికించిన గుడ్డు పచ్చసొన పలచటి గుడ్డలో వేసి నీటిలో రెండు చుక్కలు పిండాను. రెండు చుక్కలనుకున్నాను గానీ నాలుగు లీటర్లకు అది చాలా ఎక్కువ. రాత్రికి నీళ్లు మజ్జిగలా తెల్లబడి వాసన మొదలైంది. టెస్ట్ కిట్‌తో చూస్తే చేపలకు విషమైన అమ్మోనియా రంగు కనిపించింది, సున్నా ఉండాల్సిన చోట. సగం నీళ్లు మార్చాను, గంట ఆగి మళ్లీ మార్చాను. 9వ తేదీ పొద్దున్న ఒకటి పోయింది. మిగిలినవి నాలుగు. పచ్చసొన జోలికి మళ్లీ వెళ్లలేదు. అది పనికిరాదని అనను, చిన్న డబ్బాలో నాలాంటి కొత్తవాళ్ల చేతికి అది వద్దు.

నీళ్లు మార్చే పద్ధతి మాత్రం ఆ రోజు కుదిరింది. సన్నటి గాలి పైపు ఒక చివర నీటిలో, రెండో చివర తెల్లటి మగ్గులో. మెల్లగా లాగనివ్వాలి. మగ్గు తెల్లదే ఎందుకంటే పైపులో పొరపాటున పిల్ల వచ్చేస్తే నల్లటి కళ్లు తెలుపు మీద వెంటనే కనిపిస్తాయి. రెండుసార్లు అలా వచ్చిన పిల్లను తిరిగి వదిలాను. రోజూ అర లీటర్ తీసి, తొట్టిలోంచి అర లీటర్ పోసేదాన్ని. పన్నెండు నిమిషాల పని, ఐదు వారాలు ఒక్కరోజు కూడా మానలేదు.

తర్వాత ఆర్టీమియా, అంటే ఉప్పునీటిలో బతికే రొయ్యలాంటి చిన్న జీవి. ఉప్పునీటిలో పొదిగే ఆ సన్నటి గుడ్లనుంచి వచ్చే నారింజరంగు పిల్లలు దాదాపు అర మిల్లీమీటర్ కూడా ఉండవు, ప్రాణంతో కదులుతాయి కాబట్టి చేపపిల్లలు వాటి వెంట పడతాయి. లీటర్ నీటికి 25 గ్రాముల ఉప్పు కలిపి సీసాలో గాలి బుడగలు పెట్టాను. 24 గంటలకు ఏమీ కనిపించకపోతే పారబోశాను. గది చల్లగా ఉంటే ఇంకా ఆగాలని తర్వాత తెలిసింది. రెండోసారి తొట్టి పక్కనే వెచ్చగా పెట్టి 36 గంటలు ఆగాను. సీసా అడుగున టార్చ్ వెలిగిస్తే అవి వెలుతురు దగ్గరకు చేరతాయి, ఖాళీ పెంకులు పైకి తేలతాయి. గుడ్డలో వడగట్టి మంచినీటితో కడిగి, ఫిబ్రవరి 12 సాయంత్రం నాలుగు చుక్కలు వేశాను. ఐదు నిమిషాల్లో నాలుగు పొట్టలూ నారింజ రంగుకు తిరిగాయి. పారదర్శకమైన ఒంట్లో చిన్న దీపం వెలిగించినట్టు. నేను ఈ మొత్తం అనుభవంలో చూసిన అందమైన దృశ్యం అదే.

ఖర్చు సంగతి ఇక్కడే చెప్పేస్తాను. కొన్న వస్తువులు వల పెట్టె, భూతద్దం, ఆర్టీమియా గుడ్లు, అంతే. ప్లాస్టిక్ డబ్బా, మగ్గు, పైపు, సీసా ఇంట్లోవే. తిన్నదంతా సమయం. రోజుకు గంటన్నర దాకా, ఒక్కోరోజు ఇంకా ఎక్కువ. ఊరికి వెళ్లాల్సిన ఒక ప్రయాణం కూడా వాయిదా వేశాం.

ఫిబ్రవరి 15 పొద్దున్న లైట్ వేయగానే నీటి పైభాగంలో, మొక్కల చాటున నల్లటి చిన్న చేపలు! ఈసారి నిజంగానే మాలీ పిల్లలు. రాత్రి ఎప్పుడో పెట్టింది. దొరికినవి పందొమ్మిది. మగది పోయి రెండు నెలలు దాటాక కూడా. ఆ స్నేహితుడు బీజం దాచుకోవడం గురించి చెప్పింది కళ్లముందు రుజువైంది. ఒక పిల్లను గ్లాసులో వేసి మా డబ్బా పక్కన పెట్టి చూశాం. మా నాలుగు పుట్టి మూడు వారాలు దగ్గర పడుతున్నా, ఒక్క రాత్రి వయసున్న మాలీ పిల్ల వాటికన్నా పెద్దగా, ముద్దగా, నల్లగా ఉంది. నలిపిన ఫ్లేక్ వేస్తే గబుక్కున అందుకుంది. మొదటి రోజు ఈ రెండింటినీ పక్కపక్కన చూసి ఉంటే నాకు ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయేది. ఆ వల పెట్టె వీటికి చక్కగా సరిపోయింది, ఒక్కటీ జారలేదు. వాటి పెంపకం గురించి రాయడానికి ఏమీ లేదు, అంత సులువు.

ఇక డానియోనా, బార్బా అన్నది మిగిలింది. డానియోలు తెల్లవారగానే వెలుతురు పడిన మొదటి గంటలో గుడ్లు పెడతాయని, ఆ గుడ్లకు జిగురు ఉండదు కాబట్టి కిందికి రాలిపోతాయని చదివాను. రాలిన గుడ్లను పెట్టినవే తినేస్తాయి. అందుకని 21వ తేదీ రాత్రి మా అబ్బాయి గోళీలన్నీ కడిగి వెడల్పాటి ప్లాస్టిక్ గిన్నెలో రెండు వరసలు నింపి తొట్టి అడుగున దించాం. గుడ్లు గోళీల సందుల్లోకి పడితే చేపలకు అందవు.

22వ తేదీ శనివారం, ఉదయం ఆరింటికి ఇద్దరం తొట్టి ముందు కూర్చున్నాం. లైట్ వేసిన పది నిమిషాలకు మగ డానియోలు రెండు, పొట్ట గుండ్రంగా ఉన్న ఆడదాన్ని తరమడం మొదలుపెట్టాయి. గిన్నె మీదకు వచ్చి, ఒకదానికొకటి ఒరుసుకుని, ఒక్క క్షణం వణికి విడిపోతున్నాయి. అలా చాలాసార్లు. అరగంట తర్వాత గిన్నె జాగ్రత్తగా పైకి తీసి గోళీలు ఏరితే అడుగున ఇసుకరేణువుల్లా పారదర్శకమైన గుడ్లు. ముప్పై దాకా లెక్కపెట్టి ఆపేశాను. వాటిలో కొన్ని చిన్న డబ్బాలో ఉంచితే మూడో రోజుకు పొదిగి, గోడలకు తల అతికించుకుని వేలాడాయి. మొదటి వారం నేను చూసిన ఆ నిలువు వేలాట గుర్తొచ్చింది. జీబ్రా డానియో ప్రయోగశాలల్లో విస్తృతంగా పెంచే చేప, దాని పిండం గంట గంటకూ ఎలా మారుతుందో చెప్పే దశల పట్టిక 1995లోనే వచ్చింది. 28.5 డిగ్రీల దగ్గర రెండు మూడు రోజుల్లో పొదుగుతుంది, ఐదో రోజు ప్రాంతంలో పైకి వచ్చి గాలి మింగి గాలితిత్తి నింపుకుని తిండి వెతుక్కుంటుంది. మా నీళ్లు 25 డిగ్రీలే కాబట్టి కొంచెం నెమ్మది. అన్నీ సరిపోయాయి. నోట్‌బుక్‌లో పెద్ద అక్షరాలతో 'డానియో' అని రాసి కింద రెండు గీతలు గీశాను.

మార్చి 1న మూడు పిల్లల పక్కల మీద లేత నీలం గీతలు మొదలయ్యాయి. నాలుగోదానికి రాలేదు.

నాకు మళ్లీ భయం పట్టుకుంది. అది మొదటినుంచీ కొంచెం వేరుగానే ఉండేది. మిగతా మూడూ డబ్బా అంతా ఆగకుండా తిరుగుతుంటే ఇది నాచు దగ్గరే ఉండేది, ఒకచోట నిలబడి చూసి, అప్పుడు తిండి మీదకు వెళ్లేది. బలహీనంగా పుట్టిందేమో, ఆ మొదటి మూడు రోజుల పస్తు దీన్ని ఇలా చేసిందేమో అని నన్ను నేను తిట్టుకున్నాను. దానికి వేరుగా, పైపుతో సరిగ్గా ముఖం ముందుకు ఆర్టీమియా వేసేదాన్ని. మా వారు అన్నారు, "తింటోంది కదా, పెరుగుతోంది కదా. జబ్బు అని ఎందుకు అనుకుంటున్నావు, వేరే చేపేమో చూడరాదూ." నేను కొట్టిపారేశాను. గుడ్లు పెట్టింది కళ్లారా చూశాం కదా.

కానీ నేను చూసింది ఫిబ్రవరి 22న పెట్టిన గుడ్లని. జనవరిలో ఫిల్టర్‌లోకి వెళ్లిన గుడ్లని కాదు. డానియోలు గుడ్లు పెడుతున్నాయని తేలినంత మాత్రాన బార్బ్‌లు పెట్టలేదని తేలదు. ఈ తేడా నా బుర్రకెక్కడానికి ఇంకో వారం పట్టింది.

మార్చి 9, ఆదివారం, మధ్యాహ్నం వెలుతురు బాగా పడుతుంటే నాలుగింటినీ ఒక్కొక్కటిగా చదరపు గాజు గ్లాసులోకి తీసి పక్కనుంచి చూశాను. మూడింటి గీతలు ఒంటి మీదే ఆగలేదు, తోక మీదకూ, పొట్ట వెనక కింది రెక్క మీదకూ పాకాయి. ఆ కింది రెక్క మీది చారలు డానియోకు గట్టి గుర్తు. నాలుగోది గ్లాసులోకి రాగానే ఊపిరి బిగబట్టాను. ఒళ్లు కొంచెం వెడల్పు, లేత గోధుమ రంగు. చారలు లేవు. ఉన్నది ఒక్కటే నల్లటి పట్టీ, ముక్కు దగ్గర మొదలై కంటి మీదుగా తోక మొదలు దాకా. రెక్కలు ఖాళీగా, శుభ్రంగా ఉన్నాయి. తల తిప్పి తొట్టిలోకి చూస్తే, ఆడ చెర్రీ బార్బ్ సరిగ్గా అదే పట్టీతో మొక్క పక్కన నిలబడి ఉంది. కదలకుండా, ఇది నిలబడినట్టే.

జబ్బు కాదు, బలహీనత కాదు. అది బార్బ్, బార్బ్ లాగే ఉంటోంది. నేను ఐదు వారాలుగా దాన్ని డానియోలతో పోల్చి బాధపడ్డాను. ఆ మధ్యాహ్నం ఎంత తేలికపడ్డానో మాటల్లో చెప్పలేను. మా అబ్బాయి నోట్‌బుక్ తెచ్చి నా రెండు గీతల కింద 'మూడు' అని, దాని పక్కన 'ఒకటి బార్బ్' అని చేర్చాడు. ఆ స్నేహితుడికి ఈసారి గ్లాసులో పక్కనుంచి తీసిన ఫోటోలు, పక్కన స్కేల్ పెట్టి పంపాను. "వదినా, ఇప్పుడు చూడగానే తెలుస్తోంది" అన్నారు.

తర్వాత మిగిలింది ఎదురుచూడటమే. మార్చి మధ్యలో నలిపిన ఫ్లేక్స్ తినడం మొదలైంది, ఫిబ్రవరిలో వాటిని చంపిన అదే తిండి. చివరి వారానికి డబ్బా ఇరుకైపోయి, మాలీ పిల్లల పెట్టె ఖాళీ అయ్యాక అందులోకి మార్చాను. తొట్టిలోకి ఎప్పుడు వదలాలన్నదానికి నేను పెట్టుకున్న కొలత వయసు కాదు, తొట్టిలో అందరికన్నా పెద్ద నోట్లో పట్టకూడదు, అంతే. మా దగ్గర అది మాలీ నోరు.

ఏప్రిల్ 13 రాత్రి లైట్లు ఆర్పాక పెట్టెను వంచాను. రెండు సెంటీమీటర్ల దాకా ఉన్నాయి. చీకట్లో వదిలితే పెద్ద చేపలు వెంటనే తరమవని అలా చేశాం. అయినా పొద్దున్న పెద్ద డానియోలు వాటిని కాసేపు తరిమాయి. మధ్యాహ్నానికి పదింటి గుంపు అయింది, కొత్తవి ఏవో వెతికి చూస్తే తప్ప తెలియలేదు. బార్బ్ మాత్రం కనిపించలేదు. సాయంత్రం దాకా కనిపించలేదు. ఫిల్టర్ లాగే చోట ఇప్పుడు స్పాంజ్ తొడిగి ఉంది కాబట్టి అందులోకి వెళ్లలేదని తెలుసు, అయినా డబ్బా విప్పి చూశాను. రాత్రి ఎనిమిదింటికి మా అబ్బాయి గాజుకు ముక్కు ఆనించి పిలిచాడు. వెనక మూలలో, పెద్ద ఆకు కింద, ఐదు చెర్రీ బార్బ్‌ల మధ్య ఆరోది నిలబడి ఉంది. దాని రెక్కల అంచుల్లో లేత ఎరుపు అప్పుడే మొదలైంది.